కుక్క అడ్డొచ్చిందన్న మనిషి

పోయిన వారం పుష్పవల్లిని జూబ్లీ హిల్స్‌లో ఒక ఎత్తైన ఇనుప గేటు ముందు వదిలి వచ్చాం. ఆటోని వీధి మలుపులోనే పంపేసి, అరువు తెచ్చుకున్న షిఫాన్ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఆమె కాలింగ్ బెల్ మీద వేలు పెట్టింది. ఆ గేటు లోపల పోర్టికోలో అమ్మకానికి పెట్టిన తెల్ల కాంటెస్సా ఉంది. అమ్మేవాడు నిర్మాత సూర్యప్రకాశరావు. కొనడానికి వచ్చినట్టు వచ్చిన పుష్పవల్లికి ఆ కారుతో పని లేదు. ఆ మనిషితోనే పని.

ఎందుకో తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. కొత్తగా అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పక తప్పదు.

పదకొండేళ్ళ కిందట, ఎనభై మూడు ఎండాకాలంలో, పుష్పవల్లి తండ్రి పట్టాభిరామయ్య తన మీగడరంగు ఫియట్ అమ్మకానికి పెట్టాడు. ఆయన తెనాలి నుంచి వచ్చి మధురానగర్‌లో కాపురం పెట్టిన ప్రొడక్షన్ మేనేజరు. చూపు మందగించింది కాబట్టి ఇక బండి నడపడం మంచిది కాదని ఆయనే అనుకున్నాడు. పేపర్లో ప్రకటన చూసి ఒక కుర్రాడు వచ్చాడు. మంచి చొక్కా, నవ్వుమొహం. "ఎత్తు ఎక్కుతుందో లేదో చూడాలి గదండీ, జూబ్లీ హిల్స్ దాకా ఓ రౌండు కొట్టి వస్తాను" అన్నాడు. పట్టాభిరామయ్య పేరైనా అడక్కుండా తాళాలు ఇచ్చి పంపాడు. కుర్రాడు తిరిగి వచ్చాడు. ముందు దీపం ఒకటి పగిలింది, బంపరు మీద రక్తం. "కుక్క అడ్డొచ్చిందండీ, ఏమనుకోకండి" అని, బండి నచ్చలేదని చెప్పి వెళ్ళిపోయాడు. పాపం కుక్క అనుకుంటూ, పద్దెనిమిదేళ్ళ పుష్పవల్లి బకెట్టు తెచ్చి ఆ రక్తం కడిగేసింది.

సాయంత్రానికి పోలీసులు వచ్చారు. ఫిల్మ్ నగర్ ఎగువన బండరాళ్ళు కొట్టే పోచయ్యని ఆ ఫియట్ గుద్ది చంపింది. అవతలి బండ మీదున్న కూలీ, వెళ్ళిపోతున్న బండి నంబరు చూశాడు, నడిపినవాణ్ణి చూడలేదు. చూపు లేనివాడు బండి నడిపి మనిషిని చంపి, కూతురి చేత రక్తం కడిగించి, ఇప్పుడు ఎవడో అపరిచితుడు వచ్చాడని కట్టుకథ చెబుతున్నాడన్నారు. కోర్టూ అదే నమ్మింది. జైలు నుంచి వచ్చాక పట్టాభిరామయ్య ఎన్నాళ్ళో బతకలేదు. పాడె వీధి మలుపు తిరుగుతుంటే పోచయ్య పెళ్ళాం భూలక్ష్మి ఎదురొచ్చి, దోసెడు దుమ్మెత్తి శవం మీద పోసింది. ఆ దుమ్ము పుష్పవల్లి కళ్ళలో ఇప్పటికీ ఉంది.

పుష్పవల్లి డబ్బింగ్ ఆర్టిస్టు అయింది. నిరుడు ఒక ప్రివ్యూ థియేటర్ మెట్ల మీద, కుక్క అడ్డొచ్చిందన్న ఆ గొంతు విని గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆ గొంతు సూర్యప్రకాశరావుది. ఆయన కాంటెస్సా అమ్ముతున్నాడని తెలిసిన రోజున ఆమె భూలక్ష్మి ఉండే బస్తీకి వెళ్ళింది. భూలక్ష్మి తలుపు మూయలేదు గానీ, "నీ మాట నేను నమ్మ. గాయన నోట్లకెళ్ళి వస్తే నమ్ముత" అంది. అంతవరకూ చెప్పుకున్నాం.

గేటు తీసింది సూర్యప్రకాశరావే.

"రండి, రండి! డాక్టరుగారి మిసెస్ గదూ మీరు? శారదాదేవిగారు. ఫోన్లో మాట్లాడారు."

"అవునండీ. మావారు హాస్పిటల్ వదిలి రాలేకపోయారు. నువ్వే చూసి రా అన్నారు."

ఎందరో హీరోయిన్లకు గొంతు అరువిచ్చిన పుష్పవల్లికి, బంజారా హిల్స్ డాక్టరు భార్య గొంతు ఒక లెక్కా? నిదానంగా, కొంచెం విసుగ్గా, డబ్బున్నవాళ్ళ తీరులో మాట్లాడింది. పదకొండేళ్ళలో ఆయనకి పొట్ట వచ్చింది, ముందు జుట్టు పోయింది. తెల్ల పాంటు, తెల్ల చొక్కా, చేతికి బంగారు కంకణం. నవ్వు మాత్రం అదే. అయినా ఎక్కడో ఒక పీచు అనుమానం ఆమెని గుచ్చుతూనే ఉంది. గొంతులు కలవవా? నవ్వులు కలవవా? తన తండ్రికి జరిగిందే ఇప్పుడు తన చేతుల మీదుగా ఇంకొకరికి జరిగితే?

"బండికి వంక లేదండీ" అన్నాడు ఆయన, బానెట్ మీద అరచెయ్యి వేసి. "ఇది కొన్నాక రెండు సినిమాలు పోయాయి. అంతే, మా ఆవిడ దీన్ని గుమ్మంలో ఉండనివ్వనంటోంది. సెంటిమెంటు! మీరు డాక్టర్లు, మీకేం పట్టింపు ఉండదు."

పుష్పవల్లి చెయ్యి చాపింది. "తాళాలు ఇస్తే ఓ రౌండు కొట్టి తెస్తాను."

సూర్యప్రకాశరావు పెద్దగా నవ్వాడు. తాళాలు ఆమె చేతికి ఇవ్వలేదు, తన వేలికే తిప్పుకున్నాడు.

"అదొక్కటీ కుదరదండీ. తప్పుగా అనుకోకండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి బండి ఇచ్చి పంపే రకం కాదు నేను. వాళ్ళు దార్లో ఎవణ్ణో గుద్దేసి, బండి తెచ్చి ఇక్కడ పడేసి, నమస్కారం పెట్టి చక్కా పోతే? నంబరు నాది. పోలీసులు వచ్చేది నా ఇంటికి. నేను పక్కన కూర్చుంటాను, మీరు నడపండి."

పుష్పవల్లి ఆయన వేలికి తిరుగుతున్న తాళాల వైపు చూసింది. కారు అమ్మేవాళ్ళు దొంగతనం గురించి భయపడతారు, గీతలు పడతాయని భయపడతారు. ఈయనకి వచ్చిన భయం వేరు. చేసినవాడికే వచ్చే భయం అది. ఆమెలోని ఆ పీచు అనుమానం అక్కడికక్కడ తెగిపోయింది.

"మంచి జాగ్రత్తే" అంది. "రండి, కూర్చోండి."

లోపలి నుంచి ఆయన భార్య శకుంతలమ్మ కేకేసింది. "ఏవండీ, కూర చల్లారిపోతుంది. తొందరగా వచ్చేయండి."

"పది నిమిషాల్లో వస్తానే" అని ఆయన ముందు సీట్లో కూర్చుని తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

పుష్పవల్లి యూసఫ్‌గూడలో పాత అంబాసిడర్ మీద నేర్చుకుంది డ్రైవింగు. ఈ ఒక్క ప్రయాణం కోసమే నేర్చుకుంది. కాంటెస్సా పెద్ద బండి. గేటు దాటేటప్పుడు స్తంభానికి రాసుకోబోయింది. రోడ్డెక్కాక తిన్నగా సాగింది.

"చెక్‌పోస్టు వైపు పోనివ్వండి. రోడ్డు నున్నగా ఉంటుంది."

ఆమె ఎడమకి తిప్పింది.

"ఇటెందుకండీ? ఇటంతా ఎత్తు, చడాయి. ఫిల్మ్ నగర్ వైపు రాళ్ళూ రప్పలూ తప్ప ఏమున్నాయి?"

"ఎత్తు ఎక్కుతుందో లేదో చూడాలి గదండీ" అంది పుష్పవల్లి.

సూర్యప్రకాశరావు ఏదో అనబోయి ఆగాడు. ఎక్కడో విన్నమాటలా అనిపించి ఉంటుంది. ఒకసారి ఆమె వైపు చూశాడు. నల్లకళ్ళద్దాలు తప్ప ఏమీ కనిపించలేదు. మళ్ళీ కబుర్లలో పడ్డాడు. రాబోయే సినిమా గురించి, తన పేరు చూసి టిక్కెట్టు కొనే జిల్లాల గురించి చెప్పుకొస్తూ ఉన్నాడు. ఆమె ఊఁ కొడుతూ గేర్లు మారుస్తూ పోయింది. పెద్ద పెద్ద ఇళ్ళు వెనకబడ్డాయి. రోడ్డుకి రెండు పక్కలా సగం లేచిన గోడలు, ఇసక కుప్పలు, కొట్టగా మిగిలిన బండలు మొదలయ్యాయి. మట్టిదారి ఒకటి బండ మధ్యనుంచి కోసుకుంటూ పైకి పోతోంది. ఆమె కారుని అందులోకి తిప్పింది.

"అయ్యయ్యో, అటు దారి లేదండీ! బండ దగ్గర ఆగిపోతుంది."

"మీకెలా తెలుసు?"

"ఎప్పుడో..." అని ఆగిపోయాడు.

కారు బండ దాకా వెళ్ళి నిలబడింది. మూడు పక్కలా మనిషి ఎత్తుకి రెండింతల రాయి. ఎవరో కట్టుకుంటున్న ఇంటి పునాదులు ఒక వార. ఇద్దరు ముగ్గురు కూలీలు దూరంగా సిమెంటు కలుపుతున్నారు. పుష్పవల్లి హ్యాండ్‌బ్రేక్ వేసింది. ఇంజను ఆపలేదు. ఏసీ ఆపేసి అద్దాలు దించింది. ఎండ, సుద్దలాంటి రాతిపొడి వాసన లోపలికి వచ్చాయి.

"ఇంజను చప్పుడు వినాలని" అంది. తరవాత కళ్ళద్దాలు తీసి డాష్‌బోర్డు మీద పెట్టి, ఆయన వైపు తిరిగింది. ఈసారి డాక్టరు భార్య గొంతు కాదు, తన గొంతే. "మీకు ఇంకొక బండి గుర్తు చెయ్యాలి. మీగడరంగు ఫియట్. మధురానగర్‌లో మా నాన్నగారిది. కుక్క అడ్డొచ్చిందన్నారు."

సూర్యప్రకాశరావు మొహంలో రంగు ఒక్కసారిగా దిగిపోయింది. మరుక్షణం తేరుకుని నవ్వే ప్రయత్నం చేశాడు.

"ఏ ఫియట్టమ్మా? నువ్వెవరు? ఎవరు పంపారు నిన్ను? ఆ డిస్ట్రిబ్యూటరా?"

"నన్నెవరూ పంపలేదు. పట్టాభిరామయ్యగారి కూతుర్ని. మీరు తెచ్చిన రక్తం బకెట్టు పెట్టి కడిగిన దాన్ని."

అప్పుడే ఒక కూలిమనిషి తలమీద సిమెంటు తట్టతో కారు పక్కగా వచ్చి నిలబడింది. అరచేతుల దాకా తెల్లటి పొడి, చీర చెంగు నడుముకి చుట్టి ఉంది. సూర్యప్రకాశరావు చిరాగ్గా చెయ్యి విదిలించాడు. "ఏయ్, జరుగవతలికి! బండికి తట్ట తగిలిస్తావు." ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. అంతే, ఆయన దృష్టిలో ఆ మనిషి ఇక అక్కడ లేదు. మళ్ళీ పుష్పవల్లి వైపు తిరిగాడు.

"కేసు ఎప్పుడో అయిపోయింది" అన్నాడు గొంతు తగ్గించకుండానే. "నీ దగ్గర ఏముంది? సాక్ష్యముందా? కాగితముందా?"

"ఏమీ లేవు. మీరే ఉన్నారు. మీరే చెప్పాలి."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే కిందకి దిగి ఇంటికి పోతాను. మీకు భయం లేదని అనుకుని పోతాను. సినిమాల్లో మీ హీరోలు ఛాతీ చరుచుకుని చెప్పేవి రాయించేది మీరే గదా. ఒక్క నిజం నోటితో చెప్పలేని మనిషి తీసే సినిమాలు అవి అనుకుంటాను."

ఆమె కావాలనే గుచ్చింది. ఎక్కడ గుచ్చితే తగులుతుందో ఏడాది పాటు ఆ మనిషిని చూసి నేర్చుకుంది. అది తగిలింది. సూర్యప్రకాశరావు మెడ మీద నరం లేచింది.

"భయమా? నాకా?" అన్నాడు. "సరే విను. అవును, నేనే. అయితే ఏంటి? అప్పుడు నేనెవణ్ణి? ఫిల్ము డబ్బాలు మోసే గుమాస్తాని. కారు కొనే తాహతెక్కడిది నాకు? పేపర్లో ప్రకటన చూడటం, ఇస్త్రీచొక్కా వేసుకుని వెళ్ళడం, ఓ రౌండు కొట్టి నచ్చలేదని చెప్పి రావడం. అదో సరదా ఆ వయసులో. మీ నాన్నలాంటి అమాయకులు ఎంతమందో, అడిగితే తాళాలిచ్చేవాళ్ళు. ఆ రోజు ఈ బండ చాటు నుంచి వాడెవడో రాళ్ళబుట్టతో అడ్డం వచ్చాడు. గుద్దింది. నేను నిలబడి పేరు చెబితే నాకీ జీవితం ఉండేదా? ఈ ఇల్లూ ఈ పేరూ ఉండేవా? మీ నాన్న చచ్చిపోయాడు. ఆ కూలీవాడు చచ్చిపోయాడు. కేసూ చచ్చిపోయింది. నేను బతికున్నాను. ఇంకేం కావాలి నీకు?"

పుష్పవల్లి ఆయన తల మీదుగా కిటికీ అవతలికి చూసింది.

సిమెంటు తట్ట నేల మీద పడ్డ చప్పుడుకి సూర్యప్రకాశరావు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఇందాకటి కూలిమనిషి కదల్లేదు. కిటికీకి బెత్తెడు దూరంలో నిలబడి, ఆయన మొహాన్ని ఇప్పుడే చూస్తున్నట్టు చూస్తోంది.

"ఈవిడ పేరు భూలక్ష్మి" అంది పుష్పవల్లి. "మీరు వాడెవడో అన్న మనిషి పేరు పోచయ్య. ఈవిడ భర్త."

అనుకున్నది అయింది. భూలక్ష్మి ఇప్పుడు కూలి చేసే ఈ బండ దగ్గరికే ఆయన్ని తెస్తానని ఆమెకి ముందే చెప్పి ఉంచింది. పదకొండేళ్ళుగా పుష్పవల్లి ఈ క్షణాన్ని ఎన్నిసార్లు ఊహించుకుందో. తండ్రి శవం మీద పడ్డ దుమ్ము ఈ ఒక్క మాటతో దులిపినట్టవుతుందనుకుంది. భూలక్ష్మి తన వైపు చూస్తుంది, ఆ చూపు చాలు అనుకుంది. భూలక్ష్మి నిజంగానే చూసింది. "మీ నాయిన చెయ్యలె బిడ్డా" అంది మెల్లగా. "నేను మన్ను పోసిన. నా చేతులిరగ." ఆ ఒక్క మాట కోసమే వచ్చింది. అది దొరికింది. ఇక కారు తిప్పుకుని వెళ్ళిపోవచ్చు.

కానీ సూర్యప్రకాశరావు తలుపు తోసుకుని దిగాడు. తాళాలు లాక్కుని ఈ పిచ్చిదాన్ని కిందికి ఈడవాలన్న తొందరలో బానెట్ ముందునుంచి డ్రైవరు సీటు వైపు చుట్టి వస్తున్నాడు. భూలక్ష్మి కారు వెనకనుంచి చుట్టి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన ఆగక తప్పలేదు.

"చూడమ్మా" అన్నాడు ఆయన, గొంతు మార్చి. "ఏదైనా ఉంటే ఇంటికి రా. కూర్చుని మాట్లాడుకుందాం. నీకేం లోటు రానివ్వను."

"నాకేం వద్దు సారూ. ఒక్కటి చెప్పు. గుద్దంగనే పోయిండా? అందరు గట్లనే చెప్పిన్రు నాకు. దెబ్బ తగలంగనే పాణం పోయింది, తిప్పలు పడలె అన్నరు. గా మాట పట్టుకునే బతుకుతున్న. గంతేనా?"

అంతటితో అవునని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ సూర్యప్రకాశరావుకి ఆ క్షణంలో మంచివాడినని అనిపించుకోవాలనిపించింది. సినిమాలతో జనాన్ని ఏడిపించి పంపడం అలవాటైన మనిషి.

"నేనేం వదిలేసి పోలేదమ్మా! నేనూ మనిషినే. బండి ఆపాను. దిగాను. దగ్గరికెళ్ళి చూశాను. నా చెయ్యి పట్టుకున్నాడు. నీళ్ళడిగాడు. నీళ్ళ కోసమే పరిగెత్తాను. నిజం! ఒట్టు!"

సిమెంటు కలుపుతున్న పారల చప్పుడు ఆగిపోయింది.

"చెయ్యి పట్టుకున్నడా?" అంది భూలక్ష్మి.

పుష్పవల్లికి అప్పుడే గుర్తొచ్చింది. ఆ రోజు మధురానగర్ ఇంటి గుమ్మంలో నిలబడి ఈ మనిషి మంచినీళ్ళు అడిగాడు. తనే తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఎత్తి గటగటా తాగి, మరో గ్లాసు అడిగి అదీ తాగాడు. అప్పటికి ఈ బండ చాటున పోచయ్య ఇంకా బతికే ఉన్నాడు. నీళ్ళు వస్తాయని చూస్తూ ఉన్నాడు.

భూలక్ష్మి ఏడవలేదు. వెనక్కి తిరిగి, సూర్యప్రకాశరావు తెరిచి వదిలేసిన తలుపు దగ్గరికి వచ్చింది. సిమెంటు చీరతో ఆ తెల్ల సీట్లో కూర్చుంది. ఇంతవరకూ కారెక్కి ఎరగని మనిషి, తలుపు ఎలా వేయాలో తెలియక రెండు చేతులతో లాగి ధడాలున వేసుకుంది.

సూర్యప్రకాశరావు బండకీ బానెట్‌కీ మధ్య ఉన్నాడు. అటు పునాదుల గొయ్యి, ఇటు రాతిగోడ. ముందు కోపంగా బానెట్ మీద గుద్దాడు. "దిగండి! దిగమంటున్నానా!" అద్దం వెనక ఉన్న రెండు మొహాలూ చూశాక ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి. వీపుకి బండ తగిలింది.

"నీళ్ళడిగిండంట బిడ్డా" అంది భూలక్ష్మి, ఎదురుగా చూస్తూనే. రాతిపొడి పట్టిన చెయ్యి తెచ్చి స్టీరింగు మీదున్న పుష్పవల్లి చేతి మీద వేసింది. ఆ చెయ్యి వేడిగా, బరువుగా ఉంది. "తియ్యి బండి. ముంగటికే తియ్యి."

"భూలక్ష్మమ్మా..."

"నువ్వు నడుపుతున్నవని ఎవ్వడు చూసిండు? గీడ ఎవ్వడు చెప్తడు?" భూలక్ష్మి తల తిప్పి కిటికీలోంచి చూసింది. పునాదుల దగ్గరున్న కూలీలు పారలు వదిలేసి, ఒకరి తరవాత ఒకరు, ఇటు వీపులు తిప్పి నిలబడ్డారు.

"ఏమన్నా చెప్పు అమ్మాయ్! నీకేం కావాలో చెప్పు!" అని అరుస్తున్నాడు సూర్యప్రకాశరావు. ఆయన గొంతు ఇంజను చప్పుడులో పలచబడి వినిపిస్తోంది.

జైలు గోడ పక్కన తండ్రి నిలబడ్డ తీరు పుష్పవల్లి కళ్ళ ముందు నిలిచింది. కడిగిన కొద్దీ ఎర్రగా పారిన నీళ్ళు నిలిచాయి. ఎడమకాలు క్లచ్ మీదికి దానంతట అదే వెళ్ళింది. మొదటి గేరు పడింది.

ఆమె హ్యాండ్‌బ్రేక్ దించింది.